గోదావరి: కోత, మేట

మహారాష్ట్రలోని త్ర్యంబకం దగ్గర, బ్రహ్మగిరి కొండల్లో పుట్టిన గోదావరి సుమారు 1,465 కిలోమీటర్లు ప్రవహించి బంగాళాఖాతంలో కలుస్తుంది. దారి పొడవునా నేలను కోయడం, కోసింది మోయడం, మోసింది మేట వేయడం దాని పని. నీటి వడి హెచ్చితే గులకరాళ్లు సైతం దొర్లిపోతాయి. వడి తగ్గితే ముందు ఇసుక, తర్వాత సన్నని ఒండ్రు అడుక్కి దిగుతాయి.

మోతలో చాలా భాగం వరద నెలల్లోనే జరుగుతుంది. ఎర్రనీరు వచ్చిందంటే ఎగువ నేలలు కొట్టుకుని వస్తున్నాయన్నమాట. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర వరద సుమారు 35 లక్షల క్యూసెక్కులకు చేరింది. అలాంటి నాలుగు రోజుల వరద తెచ్చే మార్పు ఏళ్ల తరబడి పారే వేసవి నీటివల్ల కాదు.

తూర్పు కనుమలను దాటే పాపికొండల్లో నది సన్నబడి లోతెక్కుతుంది. కొండలు దాటాక వాలు తగ్గి, ఒళ్లు విరుచుకున్నట్టు వెడల్పవుతుంది. రాజమహేంద్రవరం దగ్గర రెండున్నర కిలోమీటర్లు మించుతుంది. లంకలు ఏర్పడేది ఇలాంటి చోట్లే. ఇసుక తిన్నె నీటిపైకి తేలగానే దానిమీద రెల్లు మొలుస్తుంది. మరుసటి వరదలో ఆ దుబ్బులు నీటి వడిని తగ్గించి ఒండ్రును పట్టి ఉంచుతాయి. ఏటా ఓ పొర చేరి, చివరికి అరటికీ, కూరగాయలకూ, పేరుమోసిన లంక పొగాకుకూ పనికొచ్చే నేల తయారవుతుంది.

ఆ నేలకు పట్టా ఉన్నా నది ఖాతరు చేయదు. వంపుల్లో వెలుపలి గట్టుకు ఒరుసుకుపారే నీరు అడుగున ఇసుక పొరను తొలిచేస్తుంది. పైనున్న కొబ్బరిచెట్లు మట్టిపెళ్లలతో సహా కూలతాయి. వరద తీసేటప్పుడు ఈ ప్రమాదం మరీ ఎక్కువ. నానిన గట్టుకు అప్పటిదాకా ఆనుకుని ఉన్న నీటి దన్ను పోతుంది కాబట్టి.

ధవళేశ్వరం దిగువన నది గౌతమి, వసిష్ఠ పాయలుగా చీలుతుంది. వసిష్ఠ నుంచి వైనతేయ విడిపోతుంది. ఈ పాయలు తెచ్చిన ఒండ్రే కోనసీమ. సముద్రానికి దూరంగా, లోపలి ఊళ్లలో కనిపించే పొడవాటి ఇసుక దిబ్బల్లో చాలావరకు ఒకప్పటి తీరరేఖలే. గోదావరి, కృష్ణ డెల్టాలు సముద్రంలోకి పెరుగుతుంటే నడుమ మిగిలిన పల్లం కొల్లేరు. కాకినాడ రేవుకు అడ్డుగోడలా నిలిచిన హోప్ ఐలాండ్ కూడా గోదావరి ఇసుకను అలలు ఉత్తరానికి నెట్టగా ఏర్పడిందే.

ఇరవయ్యో శతాబ్దంలో ఎగువన కట్టిన జలాశయాల్లో ఒండ్రు ఆగిపోతుండటంతో డెల్టాకు చేరే మేట బాగా తగ్గింది. అలల కోత మాత్రం తగ్గలేదు. అందుకే డెల్టా అంచున కొన్నిచోట్ల తీరం వెనక్కి జరుగుతోంది.