టెలివిజన్‌లో గొంతు మాత్రమే వినిపించే పాత్రలు

కథలో భాగమై, మాటలు పలుకుతూ, ముఖం మాత్రం ప్రేక్షకులకు చూపని పాత్రలు టెలివిజన్ ధారావాహికల్లో తొలినాళ్ల నుంచీ ఉన్నాయి. ఫోనులో అవతలివైపు మనిషి, లౌడ్‌స్పీకరులో ప్రకటనలు చదివే ఉద్యోగి, పక్క గదిలోంచి కేకలు వేసే తల్లి, అంతరిక్ష నౌకలోని కంప్యూటరు, కథను నడిపించే కాలపురుషుడు ఈ కోవలోకి వస్తారు. కనిపించకపోవడమే కాక వినిపించను కూడా వినిపించని పాత్రలు వేరే ఉన్నాయి. డిటెక్టివ్ కొలంబో మాటమాటకీ తలుచుకునే భార్య, బ్రిటిష్ హాస్య ధారావాహిక ‘డాడ్స్ ఆర్మీ’లో కెప్టెన్ మేన్‌వేరింగ్ భార్య అటువంటివారు. వాళ్లు ఇతర పాత్రల నోట పుట్టి పెరుగుతారు కాబట్టి పూర్తిగా రచయితల సృష్టి. గొంతు వినిపించే పాత్రలో మాత్రం సగం నటులది. ఆ నటుల పేర్లు చాలాకాలం తెర మీద వేయలేదు.

కనిపించని గొంతుకు ఉండే బలాన్ని ఫ్రెంచి విమర్శకుడు మిషెల్ షియాన్ సినిమాలో గొంతు గురించి 1982లో రాసిన పుస్తకంలో వివరించాడు. మనిషి కనబడనంతసేపూ ఆ గొంతు అన్నిచోట్లా ఉన్నట్టు, అన్నీ చూస్తున్నట్టు తోస్తుందనీ, ముఖం బయటపడగానే మామూలు మనిషిదైపోతుందనీ ఆయన వాదన. పైథాగరస్ తెరచాటునుంచి శిష్యులకు పాఠం చెప్పేవాడన్న పాత కథ ఈ చర్చకు మూలం.

పూర్వరంగం

ఈ పద్ధతి టెలివిజన్‌తో పుట్టింది కాదు. సంస్కృత నాటకాల్లో తెర వెనకనుంచి వచ్చే మాటలకు ‘నేపథ్యే’ అన్న రంగసూచన ఉంటుంది. ఒక్క నటుడే ఆడే భాణంలో ఆకాశభాషితం అనే పద్ధతి ఉంది. పాత్రధారి రంగస్థలం మీద లేని మనిషితో మాట్లాడుతూ, “ఏమంటున్నావు?” అని అడిగి, అవతలివారి మాటను తానే తిరిగి చెప్పి జవాబిస్తాడు. టెలివిజన్‌లో ఒకవైపు మాటలే వినిపించే ఫోను సన్నివేశాలు నడిచే తీరు సరిగ్గా ఇదే. దేవకీ వసుదేవుల రథం తోలుతున్న కంసుడికి అశరీరవాణి చేసిన హెచ్చరిక భాగవతం చదివినవారికీ, పౌరాణిక నాటకాలు చూసినవారికీ చిరపరిచితం. తోలుబొమ్మలాటలో పాత్రలన్నింటి గొంతులూ తెర వెనకనుంచే వస్తాయి.

టెలివిజన్‌కు నేరుగా పాఠం నేర్పింది మాత్రం రేడియో. అమెరికాలో 1941 నుంచి పదేళ్లు ప్రసారమైన ‘డఫీస్ టావెర్న్’ హాస్య కార్యక్రమంలో సారా దుకాణం యజమాని డఫీ శ్రోతలకు ఎన్నడూ వినిపించడు. అతని ఫోనుకు బదులిచ్చే ఆర్చీ మాటలతోనే కథ సాగుతుంది. టెలివిజన్ తొలి తరం రచయితలు, నటులు చాలామంది రేడియోలో పనిచేసి వచ్చినవారే. మనిషిని గొంతుతోనే నిలబెట్టడం వాళ్లకు కొత్త విద్య కాదు.

తొలి ఇరవై ఏళ్లు

సీబీఎస్‌లో 1955 జనవరిలో మొదలైన ‘ది మిలియనీర్’ ఈ కోవలో తొలి ప్రసిద్ధ ధారావాహిక. జాన్ బెరెస్‌ఫోర్డ్ టిప్టన్ అనే కుబేరుడు ముక్కూమొహం తెలియనివారికి పది లక్షల డాలర్ల చొప్పున చెక్కులు పంపిస్తుంటాడు. ప్రేక్షకులకు కనిపించేది అతని చేయి, కుర్చీ వీపు మాత్రమే. గొంతు పాల్ ఫ్రీస్‌ది. 1959లో ‘రిచర్డ్ డైమండ్’ అనే డిటెక్టివ్ ధారావాహికలో సామ్ అనే టెలిఫోన్ ఆపరేటరు గొంతూ, కాళ్లూ మాత్రమే చూపించారు. ఆ గొంతూ కాళ్లూ అప్పటికి ఎవరికీ తెలియని మేరీ టైలర్ మూర్‌వి. కొన్నాళ్లకు ఆమె స్థానంలో ఇంకో నటిని పెట్టినా ప్రేక్షకుల కంటికి ముఖం మారలేదు. ఈ ఏర్పాటులో నిర్మాతలకు ఉన్న సౌకర్యం అదే, నటులకు ఉన్న నష్టమూ అదే.

1966లో ఒకే నెలలో ఇటువంటి రెండు గొంతులు వచ్చాయి. ‘మిషన్ ఇంపాసిబుల్’లో నాయకుడికి టేపు మీద పని అప్పగించే గొంతు బాబ్ జాన్సన్‌ది. ఐదు సెకన్లలో తనంతట తాను కాలిపోతానని చెప్పి ఆ టేపు పొగలు కక్కుతుంది. 1988లో ధారావాహికను తిరిగి తీసినప్పుడు టేపు బదులు డిస్కు వచ్చింది గానీ గొంతు ఆయనదే. ‘స్టార్ ట్రెక్’లో నౌక కంప్యూటరుకు గొంతిచ్చిన మేజెల్ బారెట్ అదే ధారావాహికలో నర్సు చాపెల్‌గా కనిపించింది కూడా. తర్వాతి ధారావాహికల్లోనూ, 2008 డిసెంబరులో ఆమె మరణించాక విడుదలైన 2009 సినిమాలోనూ కంప్యూటరు ఆమె గొంతుతోనే మాట్లాడింది. ఒకే యంత్రానికి ఒకే మనిషి నలభై ఏళ్లకు పైగా ప్రాణం పోయడం ఈ చరిత్రలో అరుదైన ఘనత. చార్లీ బ్రౌన్ కార్టూన్ చిత్రాల్లో పెద్దవాళ్ల మాటలకు బదులు మూతి మూసిన ట్రాంబోన్ వాయిద్యం వినిపించే పద్ధతి కూడా ఈ దశాబ్దంలోదే. మాటల్లేకుండానే టీచరమ్మ విసుగు, ప్రశ్న, మందలింపు పిల్లలకు అర్థమయ్యేవి.

కార్ల్‌టన్, చార్లీ

1974 నుంచి 1981 వరకు గడిచిన ఏడెనిమిదేళ్లను ఈ కళకు స్వర్ణయుగంగా చెప్పుకోవచ్చు.

మేరీ టైలర్ మూర్ పేరుతోనే నడిచిన ధారావాహిక నుంచి విడివడి 1974 సెప్టెంబరు 9న ‘రోడా’ మొదలైంది. న్యూయార్కులో కథానాయిక ఉండే అపార్టుమెంటుకు కార్ల్‌టన్ అనే కాపలాదారు ఉంటాడు. గోడకున్న ఇంటర్‌కామ్ మోగుతుంది, నిద్రమత్తూ మరేదో మత్తూ కలిసిన ఒక మగ గొంతు తాను కాపలాదారు కార్ల్‌టన్‌నని చెప్పుకుంటుంది. అతను ఎవరినైనా ఆపుతాడన్న నమ్మకం ఇంట్లో ఎవరికీ ఉండదు. ఆ గొంతు లొరెంజో మ్యూజిక్‌ది. ఆయన ఆ ధారావాహిక రచయితల్లో, నిర్మాతల్లో ఒకడు. హడావుడి లేకుండా, ప్రతి మాటా ఈడ్చుకుంటూ, ఆశ్చర్యాన్ని కూడా నీరసంగా పలకడం ఆయన ప్రత్యేకత. పక్కనున్న నటుల మాటలు ఎంత వేగంగా ఉంటే కార్ల్‌టన్ మందకొడితనం అంత బాగా పండేది. 1980లో కార్ల్‌టన్‌ను నాయకుడిగా చేసి సీబీఎస్ ఒక కార్టూన్ చిత్రం ప్రసారం చేసింది. అతని రూపం అందులో చూపించారు. దానికి ఎమ్మీ పురస్కారం దక్కినా ధారావాహికగా కొనసాగలేదు. తర్వాత మ్యూజిక్ అదే బద్ధకపు గొంతును గార్‌ఫీల్డ్ అనే పిల్లికి ఇచ్చి మరింత పేరు పొందాడు. ఆయన 2001లో మరణించాడు.

ఏబీసీలో 1976 మార్చిలో పైలట్ చిత్రంగా వచ్చి సెప్టెంబరు నుంచి ధారావాహికగా సాగిన ‘చార్లీస్ ఏంజెల్స్’ ఈ కోవలో ప్రపంచమంతా ఎరిగిన ఉదాహరణ. ముగ్గురు యువతులు ఆఫీసులో సోఫాల మీద కూర్చుంటారు. వాళ్ల సహాయకుడు బాస్లీ స్పీకర్‌ఫోను మీట నొక్కుతాడు. వాళ్ల యజమాని చార్లీ, అంటే చార్లెస్ టౌన్‌సెండ్, పలకరిస్తాడు, కేసు వివరాలు చెబుతాడు, ఆఖర్న చమత్కారంగా ఒక మాట విసిరి ఫోను పెట్టేస్తాడు. అప్పుడప్పుడు అతని చేయో, తల వెనక భాగమో చూపేవారు. సన్నివేశమంతా బల్లమీది ఒక పెట్టె చుట్టూ తిరిగేది. నటీమణులు చూపు ఎటు నిలపాలో తెలియని ఆ ఇబ్బందిని దర్శకులు సోఫాల అమరికతో, ముఖాల మీద దగ్గరి షాట్లతో చక్కగా దాటారు.

ఈ పాత్రకు ముందు ఎంపికైనది ఆస్కార్ విజేత గిగ్ యంగ్. రికార్డింగుకు వచ్చినప్పుడు ఆయన మాటలు సరిగా చదవగలిగే స్థితిలో లేడు. లెనార్డ్ గోల్డ్‌బర్గ్‌తో కలిసి నిర్మాతగా ఉన్న ఆరన్ స్పెల్లింగ్ ఆ రాత్రికి రాత్రే మిత్రుడు జాన్ ఫోర్సైత్‌ను పిలిపించి ఆ పని పూర్తిచేయించాడు. ఫోర్సైత్ సంభాషణలు సెట్టు మీద కాక విడిగా రికార్డయ్యేవి. ఐదు సీజన్లలో యువతుల పాత్రలు చేసినవారు మారుతూ వచ్చారు. ఫారా ఫాసెట్ మొదటి సీజనుకే వెళ్లిపోయింది, కేట్ జాక్సన్ మూడో సీజనుతో ఆపేసింది. గొంతు మాత్రం మారలేదు. అయినా టైటిల్స్‌లో ఫోర్సైత్ పేరు వేయలేదు. 1981లో ‘డైనాస్టీ’లో బ్లేక్ క్యారింగ్టన్‌గా ఆయన వారంవారం ముఖంతో సహా కనిపించడం మొదలుపెట్టాక, ఆ గొంతు ఎవరిదో వేరే చెప్పనక్కర్లేకపోయింది. 2000, 2003 సంవత్సరాల్లో వచ్చిన సినిమాలకూ చార్లీ ఆయనే. 2010 ఏప్రిల్‌లో ఫోర్సైత్ కన్నుమూశాడు. 2011లో తీసిన కొత్త ధారావాహికకు విక్టర్ గార్బర్ గొంతిచ్చాడు గానీ అది కొద్ది వారాలకే ఆగిపోయింది.

ఇదే కాలంలో ‘మ్యాష్’లో కొరియా యుద్ధరంగపు ఆసుపత్రి లౌడ్‌స్పీకరు గాయపడ్డ సైనికుల రాకనూ, ఆ రాత్రి వేయబోయే సినిమానూ ఒకే స్వరంతో ప్రకటించేది. టాడ్ సస్‌మన్, సాల్ విస్కూసో ఆ ప్రకటనలు చదివారు. హవాయి నేపథ్యంగా 1980లో మొదలైన ‘మాగ్నమ్ పి.ఐ.’లో బంగళా యజమాని, రచయిత రాబిన్ మాస్టర్స్ గొంతు ఆర్సన్ వెల్స్‌ది. 1938లో ‘వార్ ఆఫ్ ది వరల్డ్స్’ రేడియో నాటకంతో శ్రోతలను కలవరపెట్టిన గొంతే ఇది. 1985 అక్టోబరులో వెల్స్ మరణించడంతో ఆ గొంతు కూడా ఆగింది.

మహాభారత్‌లో కాలం

భారతీయ టెలివిజన్‌లో ఈ కోవకు చెందిన పాత్రల్లో తలమానికం బి.ఆర్. చోప్రా ‘మహాభారత్’లోని సమయ్, అంటే కాలం. 1988 అక్టోబరు 2న దూరదర్శన్‌లో మొదలై 1990 జూన్ 24 వరకు 94 భాగాలుగా ఆదివారం ఉదయాల్లో ప్రసారమైన ఈ ధారావాహికకు సంభాషణలు రాసినవాడు రాహీ మాసూమ్ రజా. దర్శకత్వం బి.ఆర్. చోప్రా, రవి చోప్రాలది. వ్యాసుడు జనమేజయుడి సర్పయాగం చుట్టూ అల్లిన కథాకథన చట్రాన్ని పక్కనపెట్టి, కథ చెప్పే బాధ్యతను కాలానికే అప్పగించారు. ఆది నుంచి అంతం దాకా సాక్షిగా నిలవగలిగింది కాలమొక్కటే కాబట్టి ఈ ఎంపిక సాహసమే అయినా ఎంతో ఔచిత్యంగా కుదిరింది. నక్షత్రాల ఆకాశం, తిరిగే చక్రం తెర మీద కనిపిస్తుండగా హరీశ్ భిమానీ గొంతు వినిపించేది.

సమయ్ కేవలం జరిగిన కథ గుర్తుచేసే వ్యాఖ్యాత కాదు. మొదటి భాగంలోనే భరత చక్రవర్తి తన కొడుకులను కాదని, గుణం చూసి భూమన్యుణ్ణి యువరాజుగా ప్రకటిస్తాడు. పుట్టుక పెద్దదా, యోగ్యత పెద్దదా అన్న ప్రశ్నను సమయ్ అక్కడ లేవనెత్తి, హస్తినాపురం ముందుముందు ఆ మార్గం తప్పడాన్ని ప్రేక్షకులు గమనించేలా చేస్తాడు. భీష్ముడి మౌనాన్నీ, ధృతరాష్ట్రుడి పుత్రప్రేమనూ తప్పుపట్టడానికి జంకడు. భిమానీ గొంతులో గాంభీర్యంతో పాటు చూసిచూసి అలసిన మనిషి బరువు ఉంది. అతను హ్రస్వ దీర్ఘాలను స్పష్టంగా, వాక్యాంతాలను నెమ్మదిగా పలకడం వల్ల హిందీ అంతంతమాత్రంగా తెలిసిన తెలుగు ఇళ్లలో కూడా ఆ మాటలు చెవికెక్కేవి. ఆదివారం ఉదయం వీధిలో ఒక్క టీవీ ఉన్న ఇంట్లో చుట్టుపక్కలవాళ్లంతా చేరి చూసిన రోజులవి. పాత్రధారులంతా ఊరేగింపులు, సన్మానాలు అందుకుంటున్నప్పుడు సమయ్ ముఖం ఎలా ఉంటుందో మాత్రం ఎవరికీ తెలియదు. దూరదర్శన్ వార్తలు చూసేవారికి చదువరిగా భిమానీ పరిచయమే అయినా, ఇద్దరూ ఒకరేనని పోల్చుకున్నవారు తక్కువ. 2020 లాక్‌డౌన్ సమయంలో మార్చి 28 నుంచి దూరదర్శన్ ఈ ధారావాహికను మళ్లీ ప్రసారం చేయడంతో కొత్త తరం కూడా ఆ గొంతు విన్నది.

తర్వాతి కాలం

1990లలో చెప్పుకోదగినది ‘ఫ్రేజర్’లో రేడియో కార్యక్రమానికి ఫోను చేసేవాళ్ల వరుస. ప్రసిద్ధ నటులు నిజంగానే ఫోనులో సంభాషణలు చెప్పి పంపేవారు.

2007లో మొదలైన ‘ది బిగ్ బ్యాంగ్ థియరీ’లో హోవార్డ్ అనే పాత్ర తల్లి, శ్రీమతి వాలోవిట్జ్, ఈ సంప్రదాయాన్ని నిండుగా నిలబెట్టింది. తల్లీకొడుకులు ఒకే ఇంట్లో గదుల మధ్య గోడలు అడ్డం పెట్టుకుని కేకలతోనే సంభాషించుకుంటారు. భోజనం గురించి, పెళ్లి గురించి, జలుబు గురించి ఆమె పెట్టే పొలికేకల వెనక ఒంటరితనం ఉందని ప్రేక్షకులు క్రమంగా తెలుసుకుంటారు. ఒకటి రెండు చోట్ల ఆకారం లీలగా కదలడం తప్ప ఆమెను చూపలేదు. గొంతు కేరల్ ఆన్ సూసీది. 2014 నవంబరు 11న సూసీ మరణించినప్పుడు నిర్మాతలు మరో గొంతు వెతకలేదు. 2015 ఫిబ్రవరిలో పాత్ర కూడా మరణించినట్టు కథ రాశారు. ముఖం లేని పాత్రకు గొంతు మార్చడం సులువన్న 1959 నాటి లెక్కను ఈ నిర్ణయం పూర్తిగా తిరగరాసింది.

నెదర్లాండ్స్‌లో 1999లో పుట్టిన ‘బిగ్ బ్రదర్’తో ఈ పాత్ర కల్పిత కథలు దాటి రియాలిటీ షోలకు చేరింది. జార్జ్ ఆర్వెల్ నవల నుంచి పేరు తీసుకున్న ఈ గొంతు ఇంట్లోవాళ్లకు ఆజ్ఞలిస్తుంది, శిక్షలు వేస్తుంది, కన్ఫెషన్ రూములో ఓదారుస్తుంది. హిందీ ‘బిగ్‌బాస్’కు 2006 నుంచి అతుల్ కపూర్ గొంతు ప్రసిద్ధం. తెలుగు ‘బిగ్‌బాస్’ 2017 జులై 16న స్టార్ మాలో జూనియర్ ఎన్టీఆర్ వ్యాఖ్యాతగా, లోనావాలాలో వేసిన ఇంట్లో మొదలైంది. రెండో సీజనుకు నాని, మూడో సీజను నుంచి నాగార్జున వచ్చినా ఇంటి సభ్యులు లేచి నిలబడి వినేది కనిపించని బిగ్‌బాస్ మాటనే. పుస్తక భాషకు దగ్గరగా, తొందరలేని ఆ తెలుగు పలుకుబడిని అనుకరించడం ఇళ్లలో, కాలేజీల్లో సరదా అయింది.

కథ చెప్పే గొంతుల్లో ‘హౌ ఐ మెట్ యువర్ మదర్’కు 2005 నుంచి బాబ్ సాగెట్, ‘గాసిప్ గర్ల్’కు 2007 నుంచి క్రిస్టెన్ బెల్ పనిచేశారు. సాగెట్ పేరు టైటిల్స్‌లో రాలేదు. 2020లో వచ్చిన ‘బ్రిడ్జర్టన్’లో లేడీ విజిల్‌డౌన్ అనే మారుపేరుతో పత్రిక నడిపే స్త్రీకి జూలీ ఆండ్రూస్ గొంతిచ్చింది. ఆ పేరు వెనకున్న అసలు పాత్ర ఎవరో బయటపడ్డాక కూడా కథనం ఆమె గొంతుతోనే సాగుతోంది. ఈ పాత్రకు 2025లో ఆమె ఎమ్మీ అందుకుంది.