ఎర్రముక్కపల్లె తోటకు పుట్టినతేదీ ఏది?

నవంబరు 10 వచ్చిందంటే బ్రౌన్ గ్రంథాలయంలో దండలు, ఉపన్యాసాలు ఎటూ ఉంటాయి. వాటితోపాటు మా కడపోళ్లకు అలవాటైన తగాదా ఒకటుంది. ఈ గ్రంథాలయం వయసెంత? ఒకాయన 1987 అంటాడు, శంకుస్థాపన జరిగింది ఆ ఏడాదే కాబట్టి. ఇంకొకాయన లేచి, రాయి పాతినంత మాత్రాన గ్రంథాలయమైపోతుందా, జనం లోపలికెళ్లి కూచుని చదువుకున్నది 1995 నుంచి కదా అంటాడు. యూనివర్సిటీ పక్షం వాళ్లకు 2006 ముఖ్యం. యోగి వేమన విశ్వవిద్యాలయం పుట్టిందీ, ఈ గ్రంథాలయం దాని చేతికొచ్చి సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రంగా నడుస్తున్నదీ ఆ ఏడాది నుంచే. ముగ్గురి దగ్గరా కాగితాలున్నాయి. ముగ్గురూ చాలా ఆలస్యంగా లెక్క మొదలుపెడుతున్నారని నా వాదన. ఎర్రముక్కపల్లెలో గ్రంథాలయం మొదలైంది 1826 తరవాతి మూడేళ్లలో. అది మన తాతలకు తాతల కాలం నాటి సంగతి కాబట్టి మనం మరిచిపోయాం గానీ, బ్రౌన్ మరవలేదు. రాసిపెట్టిపోయాడు.

పాత సంగతి వరుసగా చెప్పుకుందాం. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1798 నవంబరు 10న కలకత్తాలో పుట్టాడు. 1817లో మద్రాసు చేరి, కంపెనీ కొలువుకు అవసరమని వెలగపూడి కోదండరామ పంతులు దగ్గర తెలుగు అక్షరాలు దిద్దాడు. 1820లో కడప కలెక్టరు హాన్బరీకి సహాయకుడిగా వచ్చాడు. తెలుగు మాటలు చెవిన పడటం, నోట పలకడం మన ఊళ్లో వచ్చాయి. తరవాత బందరుకు, అక్కడినుంచి రాజమండ్రికి బదిలీ. 1826లో మళ్లీ కడప. ఈసారి ఆయన బదిలీ ఉద్యోగిలా బతకలేదు. ఎర్రముక్కపల్లెలో పదిహేనెకరాల తోట కొన్నాడు. అందులో బంగళా ఏర్పాటు చేసుకుని పండితుల్నీ లేఖకుల్నీ కూచోబెట్టాడు. జీతాలు కంపెనీ ఖజానా నుంచి కాదు, తన జేబులోంచి. ఊరి జనం దానికి ‘బ్రౌన్ కాలేజీ’ అని పేరు పెట్టుకున్నారు. దాని మంచిచెడ్డలు చూసింది అయోధ్యాపురం కృష్ణారెడ్డి.

ఇక్కడే బందరు వాళ్లు అడ్డం తగులుతారు. వాళ్ల మాటలో కొంత నిజముంది, దాచిపెట్టను. 1824లో బందరులో ఉన్నప్పుడే బ్రౌన్ ఫ్రెంచి పాదిరీ దుబాయ్ రాసిన పుస్తకం చదివి వేమన పేరు తెలుసుకున్నాడు. వేమన పద్యాల తాటాకులు వెతికించడం మొదలైందీ అక్కడే. వఠ్యం అద్వైతబ్రహ్మశాస్త్రి, తిప్పాభట్ల వెంకటశివశాస్త్రి ఆయనకు ఛందస్సూ కావ్యాలూ చెప్పిందీ ఆ కృష్ణాతీరంలోనే. ‘వేమన మా ఊళ్లో దొరికాడు, మీ ఊళ్లో తోట దొరికింది’ అని ఒక బందరు పెద్దమనిషి నన్ను ఎద్దేవా చేశాడు కూడా. చేయనీండి. పద్యం పేరు విన్న ఊరు వేరు, పద్యానికి శుద్ధప్రతి తయారైన ఊరు వేరు. వేమన పని 1824లో బందరులో మొదలైంది. 1829లో 693 పద్యాలతో, ఇంగ్లీషు అనువాదంతో పుస్తకంగా మద్రాసులో అచ్చయింది. ఆ రెంటి నడుమ మూడేళ్లు బ్రౌన్ ఎక్కడున్నాడో బందరు వాళ్ల వ్యాసాల్లో వెతకండి. ఒక వాక్యంలో దాటేస్తారు. ఆ ఒక్క వాక్యంలోనే మా ఎర్రముక్కపల్లె ఉంది.

రాజమండ్రి వాళ్లతో మాత్రం నాకు పేచీ లేదు. గౌతమీ గ్రంథాలయం ఉన్నవాళ్లకు ఇంకొకరి గ్రంథాలయంలో వాటా అడగాల్సిన అవసరం లేదు.

ఆ తోటలో ఏం జరిగేదో కాస్త వివరంగా చెప్పాలి. నా వాదన అంతా దాని మీదే నిలబడుతుంది. ఆ కాలంలో ఒక కావ్యం కావాలంటే తాటాకు ప్రతి దొరకాలి. దొరికిన ప్రతి సగం తప్పులు. రాసినవాడు అర్థం కానిచోట తోచినట్టు మార్చినవి కొన్ని, పురుగు తిన్నవి కొన్ని, గురువు చెప్పింది శిష్యుడు వేరేగా విన్నవి ఇంకొన్ని. బ్రౌన్ ఒక గ్రంథానికి దొరికినన్ని ప్రతులు తెప్పించేవాడు. ఒకదాన్ని కాగితం మీదికి ఎక్కించి, పక్కన ఖాళీ వదిలి, మిగతా ప్రతుల్లో పాఠం ఎక్కడ తేడాగా ఉందో అందులో ఎక్కించేవాడు. పద్యాలకు వరుస సంఖ్యలు వేయించేవాడు. పండితులు ఎదురెదురుగా కూచుని చదివి, వాదించుకుని, ఏ పాఠం నిలుస్తుందో తేల్చేవాళ్లు. ఆ తేలిన పాఠంతో శుద్ధప్రతి రాయించి బైండు కట్టించేవాడు. కొన్నింటికి వ్యాఖ్యానాలు రాయించాడు. జూలూరి అప్పయ్య మనుచరిత్రకూ వసుచరిత్రకూ రాసిన వ్యాఖ్యలు ఆ ధోరణిలో వచ్చినవే. తరవాత ఆయన ఏ ఊరికి బదిలీ అయినా, మద్రాసులో స్థిరపడినా, ఇదే పద్ధతి. 1839లో వేమన రెండోసారి అచ్చయినప్పుడు పద్యాలు 1164కు పెరిగాయంటే, ఆయన కూర్చిన నిఘంటువులకు అన్ని ప్రయోగాలు దొరికాయంటే, ఈ పద్ధతి చలవే.

ఇలాంటి చోటును గ్రంథాలయం అనొచ్చా, కూడదా? పుస్తకాలు పోగేసిన గది మాత్రమే గ్రంథాలయమైతే, కూడదు. పుస్తకాలు పోగుచేసి, సరిచూసి, వరుస పెట్టి, రేపటివాళ్లు చదువుకునేలా తయారుచేసే చోటు గ్రంథాలయమైతే, దక్షిణాదిన ఒక విశ్వవిద్యాలయం పుట్టకముందే అది మన ఎర్రముక్కపల్లెలో ఉంది. మద్రాసు విశ్వవిద్యాలయం 1857లో వచ్చింది. లెక్క మీరే వేసుకోండి.

పాత రచయితల మీద నాకొక ఫిర్యాదుంది. బ్రౌన్ లేకపోతే వేమన లేడు అని చాలామంది రాశారు, ఇంకా రాస్తూనే ఉన్నారు. ఆ మాట మన సీమ జనానికి అవమానం. కటారుపల్లెలో సమాధి దగ్గర దీపం వెలిగించినవాళ్లు, రచ్చబండల మీద ఆటవెలదులు అప్పజెప్పినవాళ్లు, ఇళ్లలో తాటాకుల మీద గీసి దాచుకున్నవాళ్లు లేకపోతే బ్రౌన్‌కు దొరికేదేమిటి? పద్యాలు జనం దగ్గరున్నాయి. లేనిదల్లా పండితుల లెక్కలో చోటు. వేమనను కవిగా లెక్కకట్టని పండితుల చేతనే ఆ పద్యాలు వరుసపెట్టించి, పాఠాలు తేల్పించి, కావ్యాల పక్కన కూచోబెట్టడం బ్రౌన్ చేసిన పని. ఆ పనికి దండం పెడతాను. దానికి మించి పొగిడితే జనం వాటా కూడా ఆయన ఖాతాలో రాసినట్టవుతుంది.

రెండో ఫిర్యాదు ఇంకా పెద్దది. బ్రౌన్ పేరు పెట్టుకున్న మన గ్రంథాలయంలో బ్రౌన్ ప్రతులు లేవు. ఆయన పోగుచేసిందంతా మద్రాసుకు పోయింది. ఆయనే ఇచ్చాడు, ఎవరూ లాక్కోలేదు. అంతకుముందు లండనుకెళ్లినప్పుడు కూడా ఊరికే కూచోలేదు. కంపెనీ వాళ్ల గ్రంథాలయంలో దిక్కులేకుండా పడి ఉన్న లేడెన్ సేకరణ చూసి, ఆ దక్షిణాది రాతప్రతుల్ని మద్రాసుకు పంపించే ఏర్పాటు చేశాడు. అవన్నీ ఇప్పుడు చెన్నైలో ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారం సొత్తు. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాక, ఆ తరవాత ఆంధ్రప్రదేశ్ వచ్చాక, ఎన్ని వాటాలు పంచుకున్నాం! ఈ ప్రతుల్లో కడప వాటా అడిగినవాడు లేడు. పేరు మాది, పుస్తకాలు వేరేవాళ్లవి.

అయినా ఇక్కడ ఇంత జరిగిందని మనకు తెలియడానికి కారకులు ఇద్దరు. ఒకరు బంగోరె. నెల్లూరు మనిషి, తిరుపతి వెంకటేశ్వర విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రెడ్డి గారి అండతో బ్రౌన్ కాగితాల మీద పడి, 1978లో బ్రౌన్ సాహిత్య ఆత్మకథను మళ్లీ అచ్చులోకి తెచ్చారు. ఆ పుస్తకం లేకపోతే కడప తోట గురించి మనం చెప్పుకునేవి పుక్కిటి పురాణాలే. రెండోవారు జానమద్ది హనుమచ్ఛాస్త్రి. పుట్టింది రాయదుర్గంలో, ఊరు చేసుకున్నది కడపను. ‘మా సీమ కవులు’ రాసిన ఆయన, కంపచెట్లు మొలిచిన బ్రౌన్ బంగళా మొండిగోడల దగ్గర గ్రంథాలయం కడతానంటే నవ్వినవాళ్లలో మన ఊరి పెద్దలూ ఉన్నారు. చందాల కోసం ఆయన ఎక్కిన మెట్లు, తిరిగిన ఆఫీసులు ఈ ఊళ్లో నా ఈడువాళ్లకు తెలుసు. 1987లో రాయి పడింది, 1995లో తలుపు తెరుచుకుంది. నడుమ ఆ ఎనిమిదేళ్లు ఒక ముసలాయన ఓపిక. 2014లో పోయేదాకా ఆయన ధ్యాస ఆ ఆవరణ మీదే.

1987 పక్షంవాళ్లు, 1995 పక్షంవాళ్లు నా మాట విని కోప్పడేది ఇక్కడే. 1826 అంటే శాస్త్రి గారి కష్టాన్ని తక్కువ చేసినట్టు కాదా అంటారు. కాదు. ఆయన ఆ చోటే ఎందుకు పట్టుబట్టారో ఆలోచించండి. కడపలో గ్రంథాలయానికి వేరే జాగా దొరకదా? ఆ మొండిగోడల మీదే కట్టాలని పట్టుబట్టిన మనిషి తన లెక్కను 1987 నుంచి మొదలుపెట్టుకుంటాడా? ఆయన కొత్తది కట్టలేదు, ఆగిపోయింది మళ్లీ నడిపించారు. నా తేదీ ఆయన తేదీయే.

యూనివర్సిటీ పక్షంవాళ్లతో వాదన వేరు. వేమన పేరుతో విశ్వవిద్యాలయం, వేమనను అచ్చువేసినవాడి పేరుతో దాని గ్రంథాలయం. ఇంతకంటే చక్కని జత ఏ జిల్లాకూ దక్కలేదు. విశ్వవిద్యాలయం చేతికొచ్చాక జరిగిన మంచిపని కూడా చెప్పాలి. కంపెనీ సర్వేయరు మెకంజీ తన మనుషుల చేత ఊరూరా రాయించిన కైఫీయతుల్లో కడప జిల్లావి కట్టా నరసింహులు గారి సంపాదకత్వంలో ఈ కేంద్రం నుంచి సంపుటాలుగా వచ్చాయి. చెరువు ఎవరు తవ్వించారు, గుడికి మాన్యం ఎవరిచ్చారు, ఏ పాళెగాడు ఎవరి మీద పడ్డాడు అని మన ఊళ్ల కరణాలు చెప్పగా రాసిన కాగితాలు అవి. అవి శిథిలమైపోతుంటే ఆనాడు తిరగరాయించి కాపాడినవాళ్లలో బ్రౌన్ ఒకడు. ఆయన నకలు తీయించిన సరుకును, ఆయన తోటలో కూచుని ఇంకొక తెలుగు పండితుడు పరిష్కరించి అచ్చువేయించాడు. 1826కూ ఈనాటికీ నడుమ తెగిన దారం అక్కడ ముడిపడింది. 2006 పక్షంవాళ్లు గొప్పగా చెప్పుకోవాల్సింది చేతులు మారిన తేదీని కాదు, ఈ సంపుటాలను.

తేదీ కోసం ఇంత రభస దేనికని అడిగేవాళ్లున్నారు. తేదీని బట్టి పని మారుతుంది. గ్రంథాలయం 1995లో పుట్టిందనుకుంటే, వేళకు తలుపు తీసి, పేపర్లు వేయించి, పోటీ పరీక్షల పిల్లలకు కుర్చీలు, ఫ్యాన్లు చూపిస్తే బాధ్యత తీరిపోతుంది. ఆ పిల్లలు రావాల్సిందే, నేను కాదనను. 2006 అనుకుంటే, పరిశోధక విద్యార్థుల సిద్ధాంత గ్రంథాలు అరల్లో సర్దితే సరిపోతుంది. 1826 అనుకుంటే మాత్రం అక్కడ పుస్తకం తయారు కావాలి. ప్రతులు తెచ్చి, పోల్చి, పాఠం తేల్చే మనిషికి కుర్చీ వేసి జీతం ఇవ్వాలి. అలాంటి పని తెలిసినవాళ్లు ఈ జిల్లాలో ఇంకా వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది ఉన్నారు. వాళ్లు రిటైరయ్యాక నేర్పడానికి ఎవరూ మిగలరు.

అందుకని నేను అడిగేవి మూడే. ఒకటి, ఆవరణలో బ్రౌన్ పక్కన అయోధ్యాపురం కృష్ణారెడ్డి పేరు, జూలూరి అప్పయ్య పేరు, అద్వైతబ్రహ్మశాస్త్రి పేరు చెక్కించాలి. వీళ్లలో కొందరు తూర్పువాళ్లే, కడపోళ్లు కాదు. పోనీండి, పని మన ఊరి పేరుతో నిలిచింది. శంకుస్థాపన రాళ్ల మీద ఎవరెవరి పేర్లుంటాయో మనకు తెలుసు, వీళ్ల పేర్లు అంతకంటే ఎక్కువ కాలం నిలుస్తాయి. రెండు, పాఠపరిష్కరణ నేర్పే ఒక చిన్న కోర్సు ఆ తోటలోనే పెట్టాలి. ఏడాదికి నలుగురు నేర్చుకున్నా చాలు. మూడు, చెన్నైలోని బ్రౌన్ ప్రతులకు నకళ్లు తెప్పించాలి. మూలాలు ఇమ్మని కడప అడగదు. బ్రౌన్ జీవితమంతా తన డబ్బుపెట్టి చేయించింది నకళ్లే కాబట్టి మనకు నకళ్లు నామోషీ కాదు. ఇప్పుడు స్కానింగుకు అయ్యే ఖర్చు ఆయన లేఖకులకిచ్చిన జీతాల కంటే భారమేమీ కాదు, అప్పుల పాలవ్వాల్సిన పని అసలే లేదు.

ఈ మూడూ జరిగాక 1987 అని రాసుకున్నా, 2006 అని రాసుకున్నా నాకు పట్టింపు లేదు. జరిగేదాకా ప్రతి నవంబరు సభలోనూ లేచి నిలబడి 1826 అంటూనే ఉంటాను. అధ్యక్షులవారు కూచోమన్నా సరే.