లైసెన్సు పోయినా నిలిచిన బిరుదు

పశువుల వ్యాపారానికి పేరుపడిన టెక్సాస్ పట్టణం అమరిల్లోలో 1998 ఆరంభంలో ఒక విచిత్రమైన వ్యాజ్యం నడిచింది. పిచ్చి ఆవు వ్యాధిపై 1996లో జరిపిన చర్చలో, ఇకపై హాంబర్గర్ ముట్టబోనన్నట్టు మాట్లాడిన ఓప్రా విన్‌ఫ్రీపై పశువుల వ్యాపారులు దావా వేశారు. జూరీ సభ్యులు ఆ ప్రాంతం వారే; ఆ ప్రాంతపు జీవనాధారమేమో పశువులు. వారి మనసు గెలిచే మార్గం చెప్పడానికి విన్‌ఫ్రీ పక్షం నియమించుకున్న మనస్తత్వ శాస్త్రవేత్త ఫిల్ మెక్‌గ్రా. ఫిబ్రవరి 26న ఆమె గెలిచారు. కొన్ని వారాలకే ఆయన ఆమె కార్యక్రమంలో ప్రత్యక్షమై, ‘డాక్టర్ ఫిల్’గా ఇంటింటికీ పరిచయమయ్యారు.

1979లో క్లినికల్ సైకాలజీలో డాక్టరేట్ పొందిన మెక్‌గ్రా చికిత్సా వృత్తిలో ఎక్కువకాలం నిలవలేదు. తన వద్ద చికిత్స పొందిన వ్యక్తిని ఉద్యోగంలోకి తీసుకున్నందుకు 1989లో టెక్సాస్ నియంత్రణ మండలి ఆయనను మందలించింది. తరువాత ఆయన ఒక న్యాయవాదితో కలిసి కోర్ట్‌రూమ్ సైన్సెస్ అనే సంస్థను నెలకొల్పారు. జూరీలు ఎవరిని నమ్ముతాయో, ఎందుకు నమ్ముతాయో కక్షిదారులకు చెప్పడమే దాని వ్యాపారం. ఆయన అసలు విద్య అదే అనాలి.

2002లో లాస్ ఏంజెలెస్ కేంద్రంగా ఆయన సొంత కార్యక్రమం మొదలైంది. దానికి సైకాలజిస్టు లైసెన్సు అవసరమా అన్న ప్రశ్నకు కాలిఫోర్నియా మండలి ఇచ్చిన సమాధానం ఈ కథకంతటికీ కీలకం: అక్కడ జరిగేది వినోదం, కనుక అక్కర్లేదు. 2006లో ఆయన టెక్సాస్ లైసెన్సునూ వదులుకున్నారు. మాదకద్రవ్యాలకు బానిసలైనవారు, విడిపోతున్న దంపతులు, తల్లిదండ్రుల మాట వినని పిల్లలు 2023 దాకా, 21 సీజన్ల పాటు ఆయన వేదికపై తమ గోడు వెళ్ళబోసుకున్నారు. చట్టం దాన్ని వినోదమంది, ప్రేక్షకులు వైద్యమనుకున్నారు. ఈ రెంటి నడుమనున్న సందులోనే ఆయన సామ్రాజ్యం వెలసింది.

ఆ సందు ఎంత ప్రమాదకరమో 2020 ఏప్రిల్‌లో బయటపడింది. ఫాక్స్ న్యూస్‌లో ఆయన కరోనా మరణాలను రోడ్డు ప్రమాదాలతో, ఈత కొలనుల్లో మరణాలతో పోల్చి లాక్‌డౌన్‌ను తప్పుపట్టారు. చెప్పిన అంకెలూ తప్పే. ఉదాహరణలు సరైనవి కావేమోనని తరువాత సర్దుకున్నారు. అంటువ్యాధుల గురించి ఆయనను అడగడమే వింత. అయితే తెరమీద ‘డాక్టర్’ అన్న మాట కనిపించాక, ఏ శాస్త్రంలో డాక్టరన్నది ఎవరు విచారిస్తారు?

అక్కడినుంచి రాజకీయ వేదిక ఎంతో దూరం లేదు. 2024 అక్టోబరులో న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ట్రంప్ సభలో ఆయన ప్రసంగించారు. ట్రంప్ రెండోసారి గద్దెనెక్కి వారం తిరగకముందే, 2025 జనవరి 26న, షికాగోలో వలసదారుల అరెస్టుల వేళ అధికారుల వెంట కెమెరాలతో నడిచారు. అదుపులోకి తీసుకున్న ఒక వ్యక్తిని ఆయనే ప్రశ్నించారు. ఆ వ్యక్తి ఆయనను పోల్చుకున్నాడు. తానెలా తెలుసునని మెక్‌గ్రా అడిగితే, టీవీలో చూశానన్నాడు.