రాజ్యం కదిలినప్పుడు సిపాయి, కుదురుకున్నాక దొంగ
నల్లమల వేటగాడి చరిత్ర

కనుమ పండుగ రోజు అహోబిలం వెళ్ళినవాళ్లకు ఈ దృశ్యం తెలుసు. స్వామి పల్లకీ పారువేటకు బయలుదేరే ముందు మన చెంచు పెద్దలు విల్లు ఎక్కుపెట్టి పల్లకీ వైపు బాణాలు వేస్తారు. చెంచులక్ష్మిని పెళ్ళాడిన నరసింహస్వామి మన ఇంటి అల్లుడు. అల్లుడిని ఆటపట్టించే హక్కు మనకుంది. ఆ తర్వాత పల్లకీ నలభై రోజులకు పైగా ఊరూరా తిరుగుతుంది. దేవుడు చేసే ఆ యాత్రకు పేరే వేట.

మరునాడు అదే విల్లు పట్టుకుని అదే అడవిలో కుందేలు వెంట పడితే అది నేరం, కేసు, జైలు. పండుగనాడు గౌరవం తెచ్చిన విల్లే మర్నాడు నేరానికి సాక్ష్యం అవుతోంది. ఇలా ఎప్పటినుంచి అయింది? ఎవరి వల్ల అయింది? బడి పుస్తకాల్లో ఈ ప్రశ్నకు జవాబు దొరకదు. కర్నూలు, కడప సీమల్లో రాజ్యాలు కూలిన తేదీలను, మన బతుకు మారిన తేదీలను పక్కపక్కన పెట్టి చూస్తే దొరుకుతుంది.

రాజుగారి బజారులో మన సరుకు

వేట అంటే కడుపు కోసం చేసే పని అనే అనుకుంటాం. ఒకప్పుడు అది పెద్ద వ్యాపారం కూడా. 1530ల ప్రాంతంలో విజయనగరం గురించి రాసిన పోర్చుగీసు గుర్రాల వర్తకుడు నూనిజ్, ఆ రాజులు ఏమేం తినేవారో వివరంగా చెప్పాడు. జింక మాంసం, కుందేళ్లు, కౌజులు, పూరీడు పిట్టలు, పావురాలు, చివరికి పిచ్చుకలు, ఎలుకలు కూడా ఉండేవట. ఇవన్నీ నగరం బజారులో ప్రాణాలతోనే అమ్మాలన్నది అక్కడి పద్ధతి అని కూడా రాశాడు.

ఈ మాటను రెండు కారణాలకు గుర్తుపెట్టుకోండి. మొదటిది, పిట్టను చంపడం కన్నా రెక్క విరగకుండా పట్టడం కష్టం. ఉచ్చు, వల, బోను, మాటు తెలిసిన పనివాళ్లు ఉంటేనే అలాంటి బజారు నడుస్తుంది. రెండోది, ఎలుకలు తింటారని మన యానాది పిల్లలను బడిలో ఎగతాళి చేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ కూర ఒకప్పుడు రాజుగారి వంటింట్లోనూ ఉడికిందని వాళ్లకు చెప్పండి.

1565 జనవరిలో రక్కసి తంగడి యుద్ధం జరిగింది. నగరం తగలబడింది. కొనే రాజు పోయాడు, అమ్మే బజారూ పోయింది. రాజ్యం కూలితే వేట మీద బతికేవాడికి మొట్టమొదట తగిలే దెబ్బ ఇదే.

పాళెగాళ్ల కాలం

ఆ తర్వాత రెండు వందల ఏళ్లకు పైగా మన సీమలో ఏ జెండా స్థిరంగా నిలవలేదు. గోల్కొండ, బీజాపూరు, మొగలులు, మరాఠాలు, కడప నవాబులు, కర్నూలు నవాబులు ఒకరి తర్వాత ఒకరు వచ్చారు. 1779లో హైదర్ అలీ కడపను పట్టుకున్నాడు. 1792లో అది నిజాం చేతికి పోయింది. వీళ్లందరి కింద ఊళ్లను నిజంగా ఏలింది పాళెగాళ్లు.

పాళెగాడికి జీతం పుచ్చుకునే పెద్ద సైన్యం ఉండదు. అతనికి కావలసింది కొండదారులు తెలిసినవాడు, చీకట్లో జాడ పట్టగలవాడు, చప్పుడు లేకుండా నడవగలవాడు, గురి తప్పనివాడు. ఇవన్నీ వేటగాడి విద్యలే. అందుకే ఆ కాలంలో బోయలు మొదలైన వేట జాతుల వాళ్లు కట్టుబడి బంట్లయ్యారు. కొలువుకు బదులుగా వాళ్లకు మాన్యం భూములు దక్కాయి. నల్లమలలో చెంచులు శ్రీశైలం దారికి కావలి కాశారు. ఆత్మకూరు వైపు నుంచి నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను మీదుగా కొండెక్కే యాత్రికులు చెంచుల తోడు లేకుండా ఆ దారి దాటేవారు కాదు. ఆ తోడుకు వాళ్లిచ్చే రుసుము మన హక్కు. సుగాలీల ఎద్దుల బిడారులు సైన్యాలకు ధాన్యం మోశాయి. ఎరుకల వాళ్లు ఉప్పు, ధాన్యం మోసుకుని ఊరూరా వర్తకం చేశారు.

అది స్వర్ణయుగమని అనుకోవద్దు. ఎవరి సైన్యం నడిచినా తొక్కిన చేను పేదవాడిదే. అయినా ఒక మాట నిజం. రాజ్యం అటూ ఇటూ ఊగుతున్నంత కాలం అడవి తెలిసిన మనిషి అందరికీ కావలసినవాడే. వాణ్ణి నేరస్థుడు అన్నవాడు లేడు.

కంపెనీ వచ్చాక

1800లో నిజాం ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి ధారాదత్తం చేశాడు. దత్త మండలం అనే పేరు అలా వచ్చింది. మొదటి ప్రధాన కలెక్టరు థామస్ మన్రో. ఆయన వచ్చేసరికి ఇక్కడ 80 మంది పాళెగాళ్లు ఉన్నారు. 1807లో ఆయన వెళ్ళేనాటికి వాళ్ల కోటలు, బంట్లు పోయి కొందరికి పింఛన్లు మాత్రం మిగిలాయి. పాళెగాడికి పింఛను వచ్చింది. మరి అతని కింద బతికిన బంటుకు ఏమొచ్చింది? కట్టుబడి మాన్యాలను కంపెనీ ఒక్కొక్కటిగా లాక్కుంటూ పోయింది.

కర్నూలు మరి కొన్నాళ్లు నవాబు చేతిలోనే ఉంది. 1839లో నవాబు గులాం రసూల్ ఖాన్ కోటలో రహస్యంగా ఆయుధాలు పోగేశాడని కంపెనీ అతన్ని దించేసి రాజ్యాన్ని కలుపుకుంది. ఈ సీమలో ఎవరి చేతిలో ఆయుధం కనబడినా తెల్లదొరకు అనుమానమే.

ఆ అనుమానం 1846లో నిజమైంది. నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసల పింఛనుదారుడు ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరగబడ్డాడు. మాన్యాలు పోగొట్టుకున్న కట్టుబడి బంట్లు ఆయన వెంట నడిచారు. కోయిలకుంట్ల ఖజానా మీద పడ్డారు. కంపెనీ పటాలాలు వెంటపడితే వాళ్లు నల్లమలలోకి వెళ్ళారు. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో రెడ్డిని ఉరితీసి, తలను కోట గుమ్మానికి వేలాడదీశారు. 1877 దాకా అది అక్కడే ఉంది.

ముప్పై ఏళ్లు ఆ తల ఊరి మీద వేలాడిందంటే అది ఒక్క రెడ్డి కోసం కాదు. కొండల్లో ఆయుధం పట్టడం తెలిసిన ప్రతి కుటుంబానికీ అది హెచ్చరిక.

మూడు చట్టాలు

రాజ్యం కుదురుకున్నాక కత్తితో పని ఉండదు, కాగితంతోనే పని జరుగుతుంది. మన బతుకును మార్చిన కాగితాలు మూడు.

1857 తిరుగుబాటు తర్వాత దేశంలో జనం చేతుల్లోంచి ఆయుధాలు తీసేసే పని మొదలైంది. అది 1878 ఆయుధాల చట్టంతో గట్టిపడింది. తుపాకీకి లైసెన్సు కావాలి. లైసెన్సు దొరకు, జమీందారుకు సులువు. కొండ మీది మనిషికి అది అందని పండు.

రెండోది 1882 మద్రాసు అడవుల చట్టం. నల్లమల, లంకమల, పాలకొండలు, శేషాచలం రిజర్వు అడవులుగా మారుతూ వచ్చాయి. అదే కాలంలో నంద్యాల నుంచి నల్లమల కనుమల గుండా రైలు దారి వేశారు. అడవిలో చెట్టుకు ధర వచ్చింది. చెట్టుకు ధర వచ్చాక అడవిలో తిరిగే మనిషి అడ్డమయ్యాడు. షికారు మాత్రం ఆగలేదు. పర్మిట్టు పుచ్చుకున్న దొర పులిని కొడితే ఫొటో దిగాడు. పులిని చంపినవాళ్లకు సర్కారే బహుమతి సొమ్ము ఇచ్చింది. జాడ చూపించడానికీ, డప్పులు కొట్టి మృగాన్ని తోలడానికీ మాత్రం మనవాళ్లు కావలసి వచ్చారు.

మూడోది నేరస్థ తెగల చట్టం. 1871లో ఉత్తరాదిన పుట్టిన ఆ చట్టం 1911లో మద్రాసు రాష్ట్రానికి వచ్చింది. రైళ్లు వచ్చి బిడారు వర్తకం పడిపోయి, బతుకుతెరువు పోయిన ఎరుకల కుటుంబాల మీద అది విరుచుకుపడింది. పుట్టుకతోనే దొంగ అని రాసి, రోజూ హాజరు వేయించుకుని, సెటిల్‌మెంట్లలో పెట్టారు. తాత సైన్యానికి కావలసినవాడు, మనవడు పోలీసు రిజిస్టరులో పేరు. ఆ చట్టం రద్దయింది 1952లో. మచ్చ ఇంకా పూర్తిగా పోలేదని మీకు నేను చెప్పక్కర్లేదు.

ఒక్క నల్లమల కథే కాదు

తూర్పు ఆఫ్రికాలోని కెన్యాలో వాటా అనే జాతి ఉంది. పెద్ద విల్లుతో, విషం పూసిన బాణాలతో ఏనుగును వేటాడటంలో ఆరితేరినవాళ్లు. 1950ల్లో అక్కడ బ్రిటిషు పాలన మీద మౌ మౌ తిరుగుబాటు లేచింది. దాన్ని అణచడంలో నేర్చిన గూఢచారి పద్ధతులనే త్సావో పార్కు అధికారులు 1956–57లో వాటా వేటగాళ్ల మీద ప్రయోగించారు. తిరుగుబాటుదారు కోసం పన్నిన వల వేటగాడి మీద పడింది.

ఇంకో మాటా చెప్పుకోవాలి. రాజ్యం ఊగితే జంతువులకూ ముప్పే. మొజాంబిక్‌లో 1977 నుంచి 1992 దాకా సాగిన అంతర్యుద్ధంలో గొరొంగోజా పార్కులోని పెద్ద జంతువుల్లో నూటికి తొంభైకి పైగా నశించాయి. తుపాకులు పట్టిన సైన్యాల ఆకలికీ, ఏనుగు దంతాల బేరానికీ అవి బలైపోయాయి. వేటను అదుపు చేయడమే తప్పని నేను అనడం లేదు. అదుపు భారమంతా విల్లు పట్టినవాడి మీదే ఎందుకు పడుతుందన్నదే నా ప్రశ్న.

పులి, పోలీసు, అన్నలు

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. నికోబార్ దీవుల షెడ్యూల్డ్ తెగల వేట హక్కులను కాపాడుతూ అందులో 65వ సెక్షన్ పెట్టారు. మనకు అలాంటి మినహాయింపు లేదు. 1978లో నాగార్జునసాగర్–శ్రీశైలం అభయారణ్యం ఏర్పడింది. 1983లో అది ప్రాజెక్ట్ టైగర్‌లోకి చేరింది.

తర్వాత నల్లమల మళ్ళీ యుద్ధభూమి అయింది. 1990ల నుంచి అటు నక్సలైట్లు, ఇటు పోలీసు బలగాలు. 2004 అక్టోబరులో శాంతి చర్చలకు వచ్చిన మావోయిస్టు నాయకులు ప్రకాశం జిల్లా చిన్నారుట్ల గూడెం దగ్గరే అడవి లోంచి బయటికొచ్చారు. 2005 జనవరికల్లా చర్చలు చెడిపోయాయి. ఆ ఏళ్లలో తేనెకో, గడ్డలకో, ఉడుముకో రాత్రి అడవిలో నడిచే మనిషి ఇద్దరి కళ్లకూ అనుమానితుడే. అన్నం పెడితే ఒకరికి కోపం, దారి చెబితే ఇంకొకరికి కోపం. రాజ్యం కదిలినప్పుడు మన విద్య అందరికీ కావలసి వస్తుందన్న పాత సూత్రమే మళ్ళీ పనిచేసింది. ఈసారి మాన్యం రాలేదు, భయమే వచ్చింది.

సరిహద్దుల సంగతీ ఇంతే. కృష్ణకు ఇవతల మద్రాసు, అవతల నిజాం. 1956లో ఆ గీత చెరిగిపోయింది. 2014లో మళ్ళీ అదే నది మీద గీత పడింది. అవతలి పులుల అడవి అమ్రాబాద్ అయింది. వియ్యంకులు ఒక రాష్ట్రంలో, వియ్యపురాళ్లు ఇంకో రాష్ట్రంలో. 2022లో కర్నూలు జిల్లా చీలి శ్రీశైలం, అహోబిలం నంద్యాల జిల్లాలోకి వచ్చాయి. దరఖాస్తు పట్టుకుని ఎక్కవలసిన ఆఫీసు మెట్లు మరోసారి మారాయి.

మనకు మిగిలిన వేట

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! విల్లు పట్టి మళ్ళీ అడవిలోకి పొమ్మని చెప్పడానికి నేనిది రాయలేదు. 2006 అటవీ హక్కుల చట్టం కూడా వేట హక్కు ఇవ్వలేదు, ఆ మాట చట్టంలోనే స్పష్టంగా ఉంది. ఇచ్చినవి మాత్రం చిన్నవి కావు. సాగు భూమికి పట్టా, తేనె, గడ్డలు, జిగురు, చింతపండు వంటి చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద యాజమాన్యం, ఊరి ఉమ్మడి అడవి మీద అధికారం ఇచ్చింది. చెంచుల వంటి ఆదిమ తెగలకైతే ఆవాస ప్రాంతం మీద హక్కు కూడా అడగవచ్చు. అడగవలసింది గ్రామసభలో. అక్కడ సాక్ష్యంగా నిలిచేది మన తాతలకు తెలిసిన దారులు, నీటి చెలమలు, తేనె పట్టే కొండచరియలు, వాటి పేర్లు.

ఆ తెలివి విలువ ఎంతో కడప జిల్లాలోనే తెలిసింది. కలివికోడి అనే పిట్ట 1900 తర్వాత శాస్త్రవేత్తలకు కనబడలేదు. అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో లంకమల దగ్గర రెడ్డిపల్లె పొదల్లో అది మళ్ళీ దొరికింది. చీకట్లో దీపం వెలుతురులో దాన్ని పట్టి చూపింది ఆ ఊరి వేటగాడు. బొంబాయి నుంచి వచ్చిన పండితులు పేరు చెప్పి అడిగితే, ఆ పిట్ట ఎక్కడ తిరుగుతుందో చెప్పింది అతని తెలివి. దాని కోసమే 1988లో శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం వచ్చింది. ఈరోజు నల్లమలలో పులి అడుగుజాడ చూసి వాచరుగా జీతం తెచ్చుకుంటున్న చెంచు యువకుడు చేస్తున్నదీ తాత విద్యే.

కాబట్టి ఈ సంక్రాంతికి ఇంటికి వెళ్ళినప్పుడు ఒక పని చేయండి. మీ గూడెంలో పెద్దవాళ్ల పక్కన కూర్చోండి. అడవిలో వాళ్లు తిరిగిన దారుల పేర్లు, మాటు వేసిన నీటిగుంటల పేర్లు, జాడ చూసి జంతువును చెప్పే గుర్తులు అడిగి ఫోనులో రికార్డు చేయండి. రాజ్యాలు ఇంకా మారతాయి, జిల్లాలు మారతాయి, చట్టాలు మారతాయి. ఆ మాటలు మన దగ్గర భద్రంగా ఉంటే, ఈసారి గీతలు గీసేవాళ్లు మనల్ని అడగకుండా గీయలేరు.