వెనిలా తీగయు, బానిస బాలుడును

ఐస్‌క్రీములో పరిమళించు వెనిలా ఒక ఆర్కిడ్ తీగ కాయ యని ఎరిగినవారు కొలదిమందియే. ఆర్కిడ్లు కంటికి విందు చేయుటకే పుట్టినవని తలచువారికి ఇది వింతగా తోచును.

దీని పుట్టిల్లు మెక్సికో ప్రాంతము. అచ్చటి టోటోనాక్ ప్రజలు దీనిని పెంచిరి. అజ్టెక్ ప్రభువులు చాక్లెట్ పానీయములో కలుపుకొని త్రాగెడివారు. 16వ శతాబ్దమున స్పెయిన్‌వారు కాయలను ఐరోపాకు చేర్చిరి. పిమ్మట తీగలును వెళ్లినవి, పూచినవి, కాని కాయలేదు. 1820 ప్రాంతమున ఫ్రెంచివారు హిందూ మహాసముద్రములోని బూర్బన్ ద్వీపమున, అనగా నేటి రీయూనియన్‌లో, నాటిన తీగల గతియు నదే.

కారణము పువ్వులోనే కలదు. పుప్పొడికిని కీలాగ్రమునకును నడుమ ఒక పలుచని పొర అడ్డుతెరవలె నుండును. స్వదేశమున ఆ తెర దాటించు కీటకములు కలవు, పరదేశమున లేవు. 1836లో బెల్జియములోని లీయెజ్ నగరమున చార్లెస్ మోరెన్ అను శాస్త్రజ్ఞుడు చేతితో పరాగసంపర్కము చేసి కాయలు కాయించెను. అయినను ఆ పద్ధతి తోటవాని పనికి రాలేదు.

పనికి వచ్చినది ఎడ్మండ్ చూపిన పద్ధతి. అతడు 1829లో బూర్బన్ ద్వీపములోని సేంట్ సుజాన్‌లో పుట్టిన బానిస. తల్లి పురిటిలోనే పోయినది. బాలుడు యజమానియైన బెలియె బోమాన్ వెంట తోటలో తిరుగుచు మొక్కల స్వభావము నేర్చెను. 1841లో ఒకనాడు యజమాని తన తీగకు కాయలు చూచి నివ్వెరపోయెను. 12 ఏండ్ల ఎడ్మండ్ సన్నని వెదురు పుల్లతో ఆ పొరను పైకెత్తి, బొటనవ్రేలితో పుప్పొడిని కీలాగ్రమునకు అదిమి చూపెను. అంతే! పొరుగు తోటలకు అతనిని పంపి తక్కిన బానిసలకు ఆ విద్య నేర్పించిరి.

సాగు నేటికిని ఆ తీరుననే జరుగుచున్నది. తీగ ముక్కను నీడపట్టున, ప్రాకుటకు ఒక చెట్టు మొదట నాటుదురు. మూడేండ్లకు పూత పట్టును. పువ్వు ఒక్క ఉదయము మాత్రమే విచ్చియుండును గనుక పూతకాలమున ప్రతిదినము తోట తిరుగవలెను. కాయ ముదురుటకు 8, 9 నెలలు పట్టును. పచ్చికాయకు ఆ వాసన లేదు. వేడినీట ముంచి, కంబళ్లలో చుట్టి చెమర్చనిచ్చి, పలుమారులు ఎండబెట్టి ఆరబెట్టినగాని పరిమళము పుట్టదు.

1848లో బానిసత్వము రద్దు కాగా ఎడ్మండ్‌కు ఆల్బియస్ అను ఇంటిపేరు లభించెను. తాను పుట్టించిన సంపదలో పాలు మాత్రము లభింపలేదు. దొంగతనపు నేరమున చెరసాల పాలు కాగా, పూర్వ యజమాని వినతిపై ముందుగా విడుదలయ్యెను. ఇంతలో రిషార్ అను వృక్షశాస్త్రజ్ఞుడు ఆ పద్ధతిని ఎడ్మండ్‌కు నేర్పినది తానేయని చాటుకొనెను. బెలియె బోమాన్ దానిని వ్రాతమూలకముగా ఖండించెను. ఆ కాగితమే లేకున్న బాలుని పేరు మన వరకు వచ్చెడిదా?

1880లో ఎడ్మండ్ సేంట్ సుజాన్‌లోనే కటిక పేదరికమున మరణించెను. అప్పటికి ఆ ద్వీపపు వెనిలా టన్నుల కొలదిగా ఓడల కెక్కుచుండెను.