మెట్రిక్ నుంచి కాలేజీ వరకు: బరంపురం తెలుగువారి చదువుల దారి

ఉగాదినాడు పంచాంగ శ్రవణము చేసి ఆదాయ వ్యయములు, రాజపూజ్య అవమానములు తెలుసుకొనుట మన ఆచారము. అయితే పది, పదకొండు తరగతుల పిల్లలున్న ఇండ్లలో ఈ పండుగ వచ్చే వేళకు మరొక పంచాంగము కూడ విప్పుతారు. అబ్బాయి సైన్సులో చేరవలెనా, కామర్సులోనా? అమ్మాయి లెక్కలు తీసుకొనవలెనా, బయాలజీయా? ఏ కాలేజీ, ఏ పరీక్ష, ఎంత ఖర్చు? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పే సిద్ధాంతిగారు మన వీధిలో దొరకరు. సొంత రాష్ట్రములో ఉన్నవారికి మేనమామగారో, పక్కింటి మాస్టారో, ఒక యేడు ముందు చదివిన కుర్రవాడో చెబుతారు. వలస వచ్చి స్థిరపడిన మనకు ఆ బలగము కొంచెము తక్కువ. అందుచేత హైస్కూలునుంచి కాలేజీకి పోయే దారి మన పెద్దల నాటినుంచి ఎట్లా మారుతూ వచ్చినదో, అందులో ఎవరెట్లా నడిచినారో ఈ సంచికలో కొంత వ్రాయదలచినాము.

1857లో మదరాసు విశ్వవిద్యాలయము ఏర్పడినప్పుడు మన గంజాం జిల్లా మదరాసు ప్రెసిడెన్సీలోనిదే. ఆనాటి చదువుకు మెట్లు మూడు: మెట్రిక్యులేషన్, దానిపైన రెండేండ్ల ఎఫ్.ఏ., ఆపైన రెండేండ్ల బి.ఏ. మెట్రిక్యులేషన్ హైస్కూలు చివరి పరీక్షే గాని, దానిని నడిపేది విశ్వవిద్యాలయము. కాలేజీకి పోదలచినవాడికీ, గుమాస్తా పనిలో చేరదలచినవాడికీ అదే గుమ్మము. ఇంగ్లీషులో తప్పినవాడు తక్కిన వాటిలో ఎంత ఘనుడైనా తప్పినవాడే.

ఆ గుమ్మము ఒకే స్కూలునుంచి దాటిన ఇద్దరిని చూడండి. గిడుగు రామమూర్తి పంతులుగారు, గురజాడ అప్పారావుగారు విజయనగరం మహారాజావారి పాఠశాలలో చదివినవారు. అప్పారావుగారు 1882లో మెట్రిక్యులేషన్, 1884లో ఎఫ్.ఏ., 1886లో బి.ఏ. వరుసగా ప్యాసయినారు. రామమూర్తిగారికి చిన్నతనమందే తండ్రి పోయినారు. 1879లో మెట్రిక్ ప్యాసయి, మరుసటి యేడు పర్లాకిమిడి రాజావారి స్కూలులో ఉపాధ్యాయుడుగా చేరవలసి వచ్చినది. కాని ఆయన చదువు అక్కడ ఆగలేదు. ఉద్యోగము చేస్తూనే ప్రైవేటుగా చదివి 1886లో ఎఫ్.ఏ., ఆ తరువాత బి.ఏ. కూడ పూర్తిచేసినారు. పర్లాకిమిడి మనకు పరాయి ఊరు కాదు. అక్కడ పగలు పాఠాలు చెప్పి, ఇంట తన పాఠాలు చదువుకొన్న మనిషి తరువాత తెలుగు వాడుక భాషకు ఎంత చేసినారో అందరికీ తెలుసు. తిన్నని దారి మూసుకొన్నవాడికి చుట్టుదారి ఒకటి ఉన్నదని ఆయనకు తెలిసినది. అది తెలియక మెట్రిక్ దగ్గర ఆగినవారు ప్రతి తరములోను ఉన్నారు. మేము కూడ ఆ వరుసలోనివారమే గనుక ఈ మాట వ్రాయడానికి మాకు సంకోచము లేదు.

గ్రూపు ఎన్నుకొనుట ఎంత చిన్న కారణముమీద జరుగుతుందో సర్వేపల్లి రాధాకృష్ణగారి కథ చెబుతుంది. ఆయన తిరుత్తణిలో తెలుగు కుటుంబమున 1888లో పుట్టినారు. వేలూరులో చదివి మదరాసు క్రిస్టియన్ కాలేజీలో చేరినప్పుడు, అదే కాలేజీలో చదువు ముగించిన జ్ఞాతి ఒకరు తన తత్త్వశాస్త్ర పుస్తకములు ఆయనకిచ్చినారు. చేతిలో డబ్బు తక్కువ. పుస్తకములు ఊరక వచ్చినవి. దానితో ఆయన తత్త్వశాస్త్రమే తీసుకొన్నారు. అది దేశమునకు మంచికే వచ్చినది. కాని ఆ జ్ఞాతి వేరొక శాస్త్రము చదివి ఉంటే? పుస్తకములిచ్చేవారు ఎవరూ లేకపోతే?

యల్లాప్రగడ సుబ్బారావుగారిది మరొక విధము. 1895లో భీమవరములో పుట్టిన ఆయన మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి, మూడవసారి మదరాసు హిందూ హైస్కూలునుంచి ప్యాసయినారు. ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్మీడియెట్ ముగించి, ఇతరుల సాయముతో మదరాసు మెడికల్ కాలేజీలో చదివినారు. తరువాత అమెరికాలో ఆయన చేసిన పరిశోధనలవలన ఎన్ని ప్రాణములు నిలిచినవో చెప్పనక్కరలేదు. రెండుసార్లు తప్పిన కుర్రవాడిని ఇక చాలునని ఏ దుకాణములోనో కూర్చోబెట్టి ఉంటే ఆ కథ అక్కడితో సరి. ఆయన కూడ చదువుకు ఊరు విడిచి మదరాసు పోయినవారే. దారి చూపినవారు ఉండబట్టి నిలిచినారు.

ఇక పరీక్షల పేర్లు మారిన సంగతి. 1910 ప్రాంతములో ఎఫ్.ఏ. పోయి ఇంటర్మీడియెట్ వచ్చినది. ఆ రోజులలోనే మెట్రిక్యులేషన్ స్థానములో ఎస్.ఎస్.ఎల్.సి. వచ్చినది. ప్రతి విద్యార్థికీ ఒక చిన్న పుస్తకము. అందులో పుట్టిన తేదీ, మార్కులు. పెద్దల ట్రంకుపెట్టెలలో ఆ పుస్తకము ఇంటి దస్తావేజుల పక్కన ఉండేది. ఉద్యోగములో చేరేటప్పుడు దానిలోని తేదీయే సర్వీసు రిజిస్టరుకు ఎక్కేది. తప్పనిసరి పాఠ్యములతోపాటు ఐచ్ఛికములు కూడ ఆ పద్ధతిలో చేరినవి. కాలేజీలో ఏ గ్రూపు దొరుకుతుందన్నది హైస్కూలులోనే సగము తేలిపోవడము అప్పుడు మొదలయినది.

మన ఊరి విశేషమేమంటే, ఇల్లు కదలకుండానే విశ్వవిద్యాలయము మారుతూ పోయినది. ఖల్లికోట కాలేజీ 1878లో కాలేజీ అయినది. 1894లో ఈ ఊరిలోనే పుట్టి, తరువాత రాష్ట్రపతి అయిన వి.వి. గిరిగారు అక్కడి విద్యార్థులే. మొదట అది మదరాసు విశ్వవిద్యాలయము కింద ఉండేది. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయము ఏర్పడగా దాని కిందికి పోయినది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రము ఏర్పడినది. 1943లో ఉత్కళ విశ్వవిద్యాలయము, 1967లో బరంపురం విశ్వవిద్యాలయము వచ్చినవి. ఒకే పెంకుటింటిలో ముత్తాత సర్టిఫికెట్టు మదరాసుది, తాతది ఆంధ్రది, తండ్రిది ఉత్కళది, కొడుకుది బరంపురముది కావచ్చును. తండ్రికి తెలిసిన నియమము కొడుకుకు పనికిరాకపోవడము మన ఇండ్లలో వింత కాదు.

స్వాతంత్ర్యము తరువాత 1952-53లో డాక్టర్ ఎ. లక్ష్మణస్వామి మొదలియారుగారి అధ్యక్షతన సెకండరీ విద్యా కమిషను కూర్చున్నది. ఇంటర్మీడియెట్టు తీసివేసి ఒక యేడు హైస్కూలుకు, ఒక యేడు డిగ్రీకి కలపవలెననీ, హైస్కూలులోనే సైన్సు, సాంకేతికము, వాణిజ్యము, వ్యవసాయము, లలితకళలు వంటి ఏడు శాఖలు ఉండవలెననీ చెప్పినది. అన్ని శాఖలు పెట్టినప్పుడు పిల్లవాడికి ఏది తగునో చెప్పడానికి స్కూలులో శిక్షణ పొందిన ఉపాధ్యాయుడు ఒకరు ఉండవలెననికూడ సిఫారసు చేసినది. 1954లో ఢిల్లీలో ఇందుకై కేంద్ర సంస్థ ఏర్పడినది. శాఖలు వచ్చినంత త్వరగా సలహా చెప్పేవారు రాలేదు. ఆ కొరత నేటికీ తీరలేదు.

1964-66లో కొఠారీ కమిషను పది, రెండు, మూడు అన్న లెక్క చెప్పినది. రాష్ట్రములు ఒక్కొక్కటి ఒక్కొక్కప్పుడు దానిని ఒప్పుకొన్నవి. ఆంధ్రలో 1969లో రెండేండ్ల ఇంటర్మీడియెట్ వచ్చినది. తమిళనాడులో 1978లో ప్లస్ టూ మొదలయినది. ఒరిస్సాలో హయ్యర్ సెకండరీ కౌన్సిలుకు 1982లో చట్టము చేసినారు. అదే రెండేండ్ల చదువు కర్ణాటకలో పి.యు.సి., ఆంధ్ర తెలంగాణములలో ఇంటర్. మహారాష్ట్రలో హెచ్.ఎస్.సి. అంటే పన్నెండవ తరగతి. మన ఒడిశాలో హెచ్.ఎస్.సి. అంటే పదవ తరగతి. షోలాపూరు బంధువులు ఫోనులో "మా వాడు హెచ్.ఎస్.సి. ప్యాసయినాడు" అంటే, మనము రెండేండ్లు తక్కువగా లెక్క కట్టుకొంటాము!

పేర్లు ఎట్లున్నా అసలు గుమ్మము ఎప్పుడూ తల్లిదండ్రులు అనుకొన్నదానికన్న ముందే ఉంటుంది. ఆంధ్ర, మదరాసు వైపు హైస్కూళ్లలో ఒకప్పుడు కాంపోజిట్ లెక్కలు, జనరల్ లెక్కలు అని రెండు రకములు ఉండేవి. కష్టమని జనరల్ లెక్కలు తీసుకొన్న పద్నాలుగేండ్ల కుర్రవాడికి, తరువాత కాలేజీలో లెక్కల గ్రూపు అందేది కాదు. ఆ సంగతి చాలమంది తండ్రులకు కాలేజీ దరఖాస్తు నింపేనాడు గాని తెలియలేదు. 2020 పరీక్షలనుంచి సి.బి.ఎస్.ఇ. పదవ తరగతిలో స్టాండర్డు, బేసిక్ అని రెండు లెక్కల పరీక్షలు పెట్టినది. బేసిక్ వ్రాసినవారు పైతరగతిలో మామూలు లెక్కలు తీసుకొనరాదని మొదట నియమము చేసి, తరువాత సడలించినారు. అరవై యేండ్లకు మళ్లీ అదే గుమ్మము!

ఇక్కడ మా తప్పు ఒకటి చెప్పుకొనవలెను. కాలనీలో ఎవరికి ఏ ఫారము నింపవలసి వచ్చినా తరచు మా దగ్గరకే తెస్తారు. కొన్నేండ్ల క్రింద ఒక అమ్మాయి ప్లస్ టూ ఫారము తెచ్చినది. మార్కులు బాగున్నవి. "బాబాయిగారూ, లెక్కలు కూడ వేయమంటారా?" అని అడిగినది. డాక్టరు చదువు అనుకొంటున్నప్పుడు లెక్కలెందుకమ్మా, బరువు అని మేమే అన్నాము. ఆమె తండ్రికూడ సరేనన్నారు. రెండేండ్ల తరువాత మెడికల్ సీటు రాలేదు. ఇంజనీరింగుకు పోదామంటే లెక్కలు లేవు. ఆ పిల్ల ఓపెన్ స్కూలులో లెక్కలు కట్టి, ఒక యేడు ఇంట కూర్చుని చదివి, ఆపైన చేరినది. మమ్మల్ని ఒక్క మాట అనలేదు. ఇప్పటికీ ఎదురైతే నవ్వుతూ పలకరిస్తుంది. కాని ఆ యేడు పోయినది ఆమె తప్పువలన కాదు, ఫారము నింపినవాడికి తెలియనందువలన.

తెలిసినవారు ఏమి చేయగలరో ఒక తెలుగు వనిత చూపినారు. రాజమండ్రిలో 1909లో పుట్టిన దుర్గాబాయిగారు స్వాతంత్ర్యోద్యమములో జైలుకు పోయి వచ్చిన తరువాత, పెద్ద వయసులో, బెనారసు విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషన్ ప్యాసయినారు. ఆంధ్ర విశ్వవిద్యాలయములో బి.ఏ., మదరాసులో లా చదివినారు. తాను దాటిన గుమ్మము ఇతరులకు చూపవలెనని, మదరాసులోని తెలుగు అమ్మాయిలను ఆ బెనారసు పరీక్షకు తయారుచేసే తరగతులు నడిపినారు. ఆంధ్ర మహిళాసభ తొలినాటి పనులలో అది ఒకటి. 1958లో స్త్రీ విద్యపై ఏర్పడిన జాతీయ సంఘమునకు అధ్యక్షత వహించినది కూడ ఆమెయే. పరాయి పట్నములో ఉన్న తెలుగువారి సంఘము పిల్లల చదువుకు ఎట్లా అక్కరకు వస్తుందో దీనికన్న మంచి ఉదాహరణ మాకు కనబడలేదు.

నేటి తల్లిదండ్రులకు మా మనవి ఇది. గ్రూపు ఎన్నుకొనేటప్పుడు చివరి పరీక్షనుంచి వెనుకకు లెక్క కట్టండి. ఇంజనీరింగుకు 2013నుంచి నడుస్తున్న జె.ఇ.ఇ. మెయిన్‌లో లెక్కలు, ఫిజిక్సు, కెమిస్ట్రీ. వైద్యమునకు నీట్‌లో ఫిజిక్సు, కెమిస్ట్రీ, బయాలజీ. కేంద్ర విశ్వవిద్యాలయములలో డిగ్రీకి 2022నుంచి సి.యు.ఇ.టి. అని వేరే పరీక్ష. పిల్ల మనస్సు తేలకపోతే, మోయగలిగితే, ప్లస్ టూలో లెక్కలు, బయాలజీ రెండూ తీసుకొనవచ్చును. 2023నుంచి బయాలజీ తరువాత అదనముగా చదివినవారినికూడ నీట్‌కు రానిస్తున్నారు. అయినా ముందు తీసుకొన్నదే సుళువు.

రెండవది, స్థానికత. ఇంటర్‌కు మాత్రము పిల్లలను విశాఖపట్నమో విజయవాడో హాస్టలుకు పంపితే అక్కడివారుగా లెక్కకు వస్తారని కొందరు అనుకొంటారు. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు అడిగినది రెండేండ్లు కాదు, వరుసగా నాలుగేండ్లు. రాష్ట్రము విడిపోయిన తరువాత ఈ నియమములలో మార్పులు వచ్చినవి గనుక ఆ యేటి ప్రాస్పెక్టసు చదివి, ఇక్కడి హక్కు పోతుందేమోకూడ విచారించి పంపవలెను.

మూడవది చిన్నదే గాని మేము రోజూ చూసేది. ఇంటిపేరు ముందు వ్రాయుట మన అలవాటు. ఇక్కడ చివర వ్రాస్తారు. స్కూలు కాగితములో ఒక విధముగా, ఆధారులో మరొక విధముగా ఉంటే చేరేనాడు కౌంటరు దగ్గర నిలబెడతారు. పదవ తరగతి ఫారము వేసేనాడే సరిచూడవలెను. నాలుగవది, ఇక్కడి ప్లస్ టూలో మాతృభాషగా తెలుగు తీసుకొనే వీలున్నది. అడిగేవారు లేకపోతే బోధించేవారూ ఉండరు.

సంఘ పెద్దలకు ఒక ప్రార్థన. ఫలితములు వచ్చిన తరువాత ఒక ఆదివారము హాలు తెరిపించండి. పోయిన యేడు కాలేజీలో చేరిన మన పిల్లలను నలుగురిని, రిటైరయిన మాస్టారు ఒకరిని కూర్చోబెట్టండి. ఒక నోటుబుక్కు పెట్టి, ఎవరు ఏ గ్రూపు చదివి ఎక్కడ చేరినారో, ఎక్కడ పొరపాటు జరిగినదో వ్రాయించండి. మరుసటి యేడు వచ్చే తల్లిదండ్రులకు ఆ పుస్తకమే మేనమామ. మొదటి పేజీలో మా పొరపాటు మేమే వ్రాస్తాము.