అనియంత్రిత పెట్టుబడి పథకాల ప్రచార నిబంధనలు

ఏ నియంత్రణ సంస్థ దగ్గరా నమోదు కాని, అసలుకే మోసం వచ్చే పథకాల్లో చేరమని సామాన్య మదుపరులను పిలవడంపై చట్టం పెట్టిన హద్దులే ఈ నిబంధనలు. భారతదేశంలో ఇవి ఒకే చోట లేవు. డిపాజిట్లు, సామూహిక పెట్టుబడులు, చిట్లు, స్థలాలు ఒక్కోదానికి ఒక్కో చట్టం ఉంది. అన్నిటిలోనూ మొదట వచ్చే ప్రశ్న మాత్రం ఒకటే: జనాన్ని పిలిచే అధికారం ఆ సంస్థకు ఉందా? లాభనష్టాల సంగతి ఆ తర్వాతే.

అగ్రిగోల్డ్ ఉదంతం

కృష్ణా డెల్టాలో ఈ విషయాన్ని ఇంటింటి చర్చగా మార్చింది విజయవాడ కేంద్రంగా 1995లో మొదలైన అగ్రిగోల్డ్. వాయిదాల్లో డబ్బు కడితే గడువు తీరాక స్థలం గానీ, దాని విలువకు తగ్గ సొమ్ము గానీ ఇస్తామన్నది ఆ పథకం. వసూళ్లన్నీ కమీషన్ ఏజెంట్ల ద్వారా సాగాయి. కట్టేవారికి ఆ ఏజెంటు చాలాసార్లు బంధువో, పక్కింటివారో కావడంతో కాగితాలు అడిగినవారు తక్కువ. నమోదు లేని సామూహిక పెట్టుబడి పథకమని మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ అడ్డుకున్నాక కూడా అనేక కంపెనీల పేరిట వసూళ్లు కొనసాగాయని ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ (ఈడీ) అభియోగం. దాని లెక్క ప్రకారం దాదాపు 32 లక్షల ఖాతాల నుంచి సుమారు 6,380 కోట్ల రూపాయలు వచ్చాయి. చెల్లింపులు ఆగిపోయాక ఆస్తుల జప్తు, అమ్మకం హైకోర్టుకెక్కాయి. మంగళగిరి దగ్గరి హాయ్‌లాండ్ కూడా ఆ ఆస్తుల జాబితాలో ఉంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చిన్న డిపాజిటర్లకు 2019లో 10 వేల లోపు, 2021లో 20 వేల లోపు మొత్తాలను తన ఖజానా నుంచి చెల్లించింది.

2019 చట్టం

అప్పటికే సెబీ చట్టం, రాష్ట్రంలో 1999 నాటి డిపాజిటర్ల రక్షణ చట్టం ఉన్నాయి. రాష్ట్ర చట్టం ప్రధానంగా ఎగవేత జరిగాక పనికొచ్చేది. అనియంత్రిత డిపాజిట్ పథకాల నిషేధ చట్టం, 2019 ఒక అడుగు ముందుకు వేసి, ఎగవేతతో పని లేకుండా పథకం నడపడాన్ని, ప్రకటన ఇవ్వడాన్ని, డబ్బు తీసుకోవడాన్ని కూడా నేరం చేసింది. డిపాజిట్లకు పిలుపునిస్తే ఏడాది నుంచి అయిదేళ్ల జైలు, 2 లక్షల నుంచి 10 లక్షల రూపాయల జరిమానా. తెలిసి తెలిసి తప్పుడు హామీతో ఇతరులను చేర్పించినవారికీ అయిదేళ్ల వరకు జైలు పడవచ్చు. కాబట్టి ‘నేను ఏజెంటునే, కంపెనీ నాది కాదు’ అన్నంత మాత్రాన బయటపడలేరు. అలాంటి ప్రకటన వేసిన పత్రిక చేత, అదే స్థానంలో ఉచితంగా ఖండన వేయించే అధికారం ప్రభుత్వానికి ఉంది.

గన్నవరం వెంచర్లు

విమానాశ్రయం, జాతీయ రహదారి పక్కనే ఉండటం, 2014 తర్వాత రాజధాని ప్రాంత పరిధిలోకి రావడంతో విజయవాడ దగ్గరి గన్నవరం చుట్టుపక్కల ప్లాట్లకు గిరాకీ పెరిగింది. స్థలం కొనడం డిపాజిట్ కాదు. అయితే స్థిరాస్తి నియంత్రణ చట్టం (రెరా), 2016 ప్రకారం 500 చదరపు మీటర్లు మించిన ప్రాజెక్టును నమోదుకు ముందు ప్రకటించకూడదు, బుకింగులు తీసుకోకూడదు. ‘ప్రీలాంచ్’ ఆఫర్లు ఇక్కడే చిక్కుల్లో పడతాయి. ప్రకటనలో రెరా నమోదు సంఖ్య, రెరా వెబ్‌సైట్ చిరునామా స్పష్టంగా కనిపించాలి. ఏజెంటుకూ విడిగా నమోదు ఉండాలి. ఒప్పందం రిజిస్టరు కాకుండా ధరలో పది శాతానికి మించి తీసుకోకూడదు. స్థలం ధరలో సర్దుబాటు చేసుకునే అడ్వాన్సుకు 2019 చట్టం నుంచి మినహాయింపు ఉంది. కానీ ఆ సొమ్ము తిరిగి ఇవ్వాల్సి వచ్చి, గడువు దాటి 15 రోజులైనా ఇవ్వకపోతే అది డిపాజిట్ కింద లెక్క. రెండేళ్లలో రెట్టింపు ధరకు తామే కొంటామనే ‘బైబ్యాక్’ కరపత్రంలో గజం ధర, లాభం పెద్ద అక్షరాల్లో ఉండి సర్వే నంబరు, లేఅవుట్ అనుమతి సంఖ్య లేకపోతే, అమ్ముతున్నది స్థలమా, వడ్డీయా అని ఆరా తీయాల్సిందే.

చిట్లు, షేర్లు, క్రిప్టో

చిట్‌ఫండ్ చట్టం, 1982 కింద నమోదైన చీటీ నియంత్రిత పథకమే. దాని ప్రకటనలో ముందస్తు అనుమతి వివరాలు ఉండాలి. కంపెనీలు ప్రైవేటుగా వాటాలు ఇస్తే ఆర్థిక సంవత్సరంలో 200 మందికి మించి ఆహ్వానించకూడదు, బహిరంగ ప్రకటన చేయకూడదు. క్రిప్టో ప్రకటనలకు ప్రకటనల ప్రమాణాల మండలి 2022 ఏప్రిల్ 1 నుంచి ఒక హెచ్చరికను తప్పనిసరి చేసింది: ఇవి అనియంత్రితమైనవి, నష్టపోతే నియంత్రణ సంస్థల ద్వారా పరిహారం దొరక్కపోవచ్చు. ఇది చట్టం కాదు, పరిశ్రమ తనకు తాను పెట్టుకున్న నియమం.

బ్రిటన్‌తో పోలిక

బ్రిటన్‌లో నియంత్రణ సంస్థ ఎఫ్‌సీఏ, ఎవరికి చెబుతున్నారన్న దానిపై ఎక్కువ దృష్టి పెడుతుంది. అనియంత్రిత సామూహిక పథకాలను సాధారణ మదుపరులకు ప్రచారం చేయడాన్ని 2014 నుంచి దాదాపు ఆపేసింది. మరికొన్ని ప్రమాదకర పెట్టుబడులకు హెచ్చరికతో పాటు, కొత్త మదుపరికి 2023 నుంచి 24 గంటల ఆలోచన గడువు ఇవ్వాలంటోంది. భారత చట్టంలో డిపాజిట్లకు అలాంటి మెట్లు లేవు: నమోదు లేని పథకానికి ఎంత పెద్ద హెచ్చరిక జోడించినా ప్రచారం నేరమే.

ఫిర్యాదులు

అనుమానాస్పద డిపాజిట్లపై స్థానిక పోలీసులకు, రిజర్వు బ్యాంకు ‘సచేత్’ పోర్టల్‌లో ఫిర్యాదు చేయవచ్చు. స్థలాల విషయంలో ఏపీ రెరాను ఆశ్రయించాలి. రసీదు, కరపత్రం, ఏజెంటు పంపిన వాట్సాప్ సందేశం దాచుకుంటే, ఏ హామీతో డబ్బు కట్టించుకున్నారో చూపడానికి అవే ఆధారాలు.